కింద చుక్కలు పెట్టిన మాట

కిందటి వారం మన ఎర్రసిరా మాస్టారిని పోలీస్ స్టేషన్లో, ఒక కాలు పొట్టిదైన బల్ల ముందు కూర్చోబెట్టి వచ్చేశాం. మధ్యలో వచ్చి చేరినవాళ్ల కోసం నాలుగు ముక్కలు. మాస్టారు ముప్ఫై ఆరేళ్లు ఒకే ప్రెస్సులో ప్రూఫులు దిద్ది ఈ మధ్యే రిటైరయ్యాడు. జేబులో ఎర్ర సిరా పెన్ను లేకుండా ఆయన్ని చూసినవాళ్లెవరూ లేరు, అందుకే ఆ పేరు. నాలుగు నెలల్లో ఆయనకు మూడు ఉత్తరాలొచ్చాయి. మూడూ రబ్బరు అక్షరాలతో అచ్చొత్తినవే. 'ఎర్ర గీత లేని ప్రూఫు నా దగ్గర ఉంది, అది బయటికి రాకూడదంటే అడిగింది తెచ్చి గ్రంథాలయంలో నిఘంటువుల బీరువా వెనక పెట్టు, ఈ ఉత్తరం కూడా దానితోనే వెనక్కి రావాలి' అన్నది వాటి సారాంశం. మొదటిసారి సన్మానంలో ఇచ్చిన బంగారు గడియారం అడిగారు. ఇచ్చాడు. రెండోసారి భార్య గొలుసు అడిగారు. అదీ ఇచ్చాడు. మూడోసారి తెల్లకాగితం మీద సంతకం అడిగేసరికి, ఇల్లు రాయించేసుకుంటారని హడలిపోయి స్టేషన్ మెట్లెక్కాడు.

స్టేషన్ రైటరు ఫిర్యాదులో 'దొంగిలించారు' అని రాశాడు. రాసి, తనే పెన్ను గడ్డానికి ఆనించుకుని ఆలోచనలో పడ్డాడు.

"దొంగెక్కడున్నాడండీ ఇందులో? మీరే మోసుకెళ్లి పెట్టొచ్చారు కదా?"

మాస్టారికి తల కొట్టేసినట్టయింది. అప్పుడు లోపలి గదిలోంచి ఇన్‌స్పెక్టరమ్మ వచ్చింది. నలభై దాటిన మనిషి, నిద్ర చాలని కళ్లు, గొంతు మాత్రం నిదానం.

"ఆ మాట కొట్టెయ్యవయ్యా" అంది రైటరుతో. తర్వాత మాస్టారి వైపు తిరిగింది. "దొంగతనమంటే మీకిష్టం లేకుండా, మీకు చెప్పకుండా మీ వస్తువు పట్టుకుపోవడం. ఇక్కడ మీ చేత్తో మీరే ఇచ్చారు. ఎందుకిచ్చారు? భయపెట్టారు గనక. దీన్ని బెదిరించి వసూలు చెయ్యడం అంటారు. ఇదీ దొంగతనం కిందే లెక్కనుకోండి, కాకపోతే దొంగ తన చేతికి మట్టి అంటకుండా మీ చెయ్యి వాడుకుంటాడు."

"మరి వాడి దగ్గరున్న కాగితం... నిజమైనదే అయితేనో?"

"నిజమైనా అబద్ధమైనా మాకనవసరం. భయపెట్టి తీసుకున్నాడా లేదా, అంతే. గొలుసే కానక్కర్లేదు మాస్టారూ. ఒక మనిషిని బెదిరించి కాగితం మీద సంతకం పెట్టించుకున్నా ఇదే నేరం."

ఆ ఆఖరి వాక్యం మాస్టారికి బాగా నచ్చింది. ఇంటికి వెళ్తూ దారంతా దాన్నే మననం చేసుకున్నాడు. ఎందుకు నచ్చిందో, ఆ నచ్చడం ఎంతసేపు నిలిచిందో ఈ వారం చూద్దాం.

ఇన్‌స్పెక్టరమ్మ వేసిన పథకం ప్రకారం గురువారం పన్నెండింటికి మాస్టారు కవరు తీసుకెళ్లి బీరువా వెనక పెట్టాడు. లోపల మూడో ఉత్తరం, ఒక తెల్లకాగితం, ఆ కాగితం చివర ఆయన సంతకం. నాలుగింటిలోపు వచ్చి తీసుకుంటామని ఉత్తరంలో ఉంది. ఇద్దరు పోలీసులు మామూలు బట్టల్లో పత్రికలు పట్టుకుని కూర్చున్నారు. ఒకాయన పత్రిక తలకిందులుగా పట్టుకున్నాడు. మాస్టారు ఉండబట్టలేక వెళ్తూ వెళ్తూ దాన్ని సరిగ్గా తిప్పి మరీ వెళ్లాడు.

ఇంట్లో భార్య లేదు. అన్నం, కూర మూతపెట్టి ఉన్నాయి. పక్కింటావిడతో బజారుకెళ్లి ఉంటుందనుకున్నాడు. రెండు ముద్దలు తిన్నాడు. చెయ్యి కడుక్కుని, మూడో ఉత్తరం నకలు తీసి బల్ల మీద పరిచాడు. అసలు ఉత్తరం అడిగినట్టే కవర్లో వెనక్కి వెళ్లింది.

'నీకు బాధ కలగవచ్చు కాని నీవు చేసిన పనికి ఇది తక్కువే.'

మొదటి ఉత్తరం కూడా ఈ వాక్యంతోనే మొదలైంది. ఆ రోజు అంత భయంలోనూ చెయ్యి దానంతటది జేబులోకి వెళ్లి ఎర్ర పెన్ను తీసింది. అందులో 'భాద' అని ఉంది. లోకంలో సగం మంది అలాగే రాస్తారు, ఆ ఒక్క ముక్క పట్టుకుని ఎవరినీ అనుమానించలేం. మాస్టారు దాన్ని కొట్టేసి అంచులో 'బాధ' అని రాశాడు. తర్వాత 'కాని' దగ్గర ఆగి, 'కానీ' అని దిద్దాడు. మళ్లీ, ఎలా ఉన్నా ఫరవాలేదులే అనిపించి, తన దిద్దుబాటు కొట్టేసి 'కాని' కింద వరసగా మూడు చుక్కలు పెట్టాడు. బెదిరింపు ఉత్తరాన్ని ప్రూఫులా దిద్దిపెట్టినవాణ్ణి మీరెక్కడైనా చూశారా? మన మాస్టారు దిద్దడమే కాదు, అడిగారు గనక దాన్ని గడియారంతో పాటు బుద్ధిగా వెనక్కి కూడా ఇచ్చాడు.

ఇప్పుడు 'బాధ' సరిగ్గా ఉంది. అందులో వింతేం లేదు, దిద్దింది చూసి ఎవరైనా నేర్చుకోవచ్చు. ఆయన వేలు 'కాని' మీద ఆగిపోయింది. మామూలు మనిషి ఎర్ర సిరాతో 'కానీ' అని కనిపిస్తే, అదే రైటనుకుని దీర్ఘం పెట్టేస్తాడు. కింద పెట్టిన చుక్కలు అతని కంటికి సిరా మరకలు. చుక్కలు పెడితే 'నేను దిద్దింది వదిలెయ్, ముందున్న మాట అలాగే ఉండనివ్వు' అని అర్థమని కంపోజిటర్లకు తప్ప ఎవరికి తెలుసు?

ఆయన దిద్దిన కాగితాలు చూసి అక్షరాలు పేర్చిన కంపోజిటర్లు ఇద్దరే. ఒకాయన పోయి ఆరేళ్లయింది.

రెండోవాడు సొంత తమ్ముడు.

మాస్టారు చెప్పులేసుకున్నాడో లేదో కూడా చూసుకోకుండా బయటపడ్డాడు. గడియారం మూడు దాటి ఐదు నిమిషాలు చూపిస్తోంది.

తమ్ముడి గురించి ఇక్కడ చెప్పాలి. ముప్ఫై ఒక్క ఏళ్ల కిందట ఆ ప్రెస్సులో పసిపిల్లల దగ్గుమందు కరపత్రం ఒకటి అచ్చయింది. 'అర చెంచా' అని ఉండాల్సిన చోట 'ఆరు చెంచా' అని పడింది. ఒక తల్లి అక్షరాన్ని నమ్మి ఆరు చెంచాలూ పట్టింది. పాప రెండు రోజులు కళ్లు తెరవలేదు. మూడో రోజు తెరిచింది గనక సరిపోయింది. ప్రూఫులో తప్పు దిద్దే ఉందని, కంపోజిటరే దాన్ని సరిచెయ్యలేదని తేల్చారు. అతని ఉద్యోగం పోయింది. ఇంకే ప్రెస్సూ గడప తొక్కనివ్వలేదు. పైగా ఒక పేరొచ్చి నెత్తిన కూర్చుంది, 'ఆరుచెంచాలు' అని. ఇప్పటికీ అతను వీధిలో కనిపిస్తే పిలిచేది ఆ పేరుతోనే, అదెలా వచ్చిందో తెలియని పిల్లలతో సహా.

అతని రబ్బరు స్టాంపుల కొట్టు, తాళాల కొట్టుకూ సైకిళ్ల కొట్టుకూ మధ్య ఇరుక్కుని ఉంటుంది. లోపల నిలబడితే రెండు భుజాలూ గోడలకు తగులుతాయి. మాస్టారు రొప్పుతూ వెళ్లేసరికి అతను చిన్న బ్లేడుతో రబ్బరు చెక్కుతున్నాడు. తలెత్తకుండానే, "రా అన్నయ్యా. కూర్చోవడానికి చోటు లేదు, నిలబడే చెప్పు" అన్నాడు.

మాస్టారు నకలు తీసి అతని ముందు పెట్టాడు. ఏం తిట్టాలో దారంతా పేర్చుకుంటూ వచ్చాడు గానీ, తీరా నోట్లోంచి వచ్చింది వేరు.

"బాధ బాగానే దిద్దావు."

తమ్ముడు కాగితం తన వైపు లాక్కుని చూశాడు. కాదని బుకాయించలేదు.

"నువ్వు గుర్తు పెట్టావు, నేను సరిచేశాను. ఎప్పుడూ అంతేగా."

"'కాని' ఎందుకు ముట్టుకోలేదు?"

"కింద చుక్కలు పెట్టావుగా. ఉండనివ్వమనేగా." అని, ఒక్క క్షణం ఆగి, తనే చిన్నగా నవ్వాడు. "అయ్యో. దొరికిపోయింది అక్కడా? చెయ్యి అలవాటు అన్నయ్యా. నువ్వు దిద్దింది దిద్దినట్టు పేర్చకపోతే నాకు తోచదు."

ఆ నవ్వు చూసి మాస్టారికి కూడా నవ్వు రాబోయింది, వెంటనే ఒళ్లు మండింది. "సిగ్గు లేదురా? తోడబుట్టినవాణ్ణి బెదిరించి బంగారం లాక్కుంటావా? కావాలంటే అడిగితే ఇవ్వనా?"

"అడిగాను."

"ఎప్పుడడిగావు?"

"నీ సన్మానం అయిన మర్నాడు."

సన్మానం పేరెత్తేసరికి మాస్టారికి ఆ సాయంత్రమంతా కళ్ల ముందుకొచ్చింది. దండలు, గడియారం, 'ముప్ఫై ఆరేళ్లు ఒక్క తప్పు లేకుండా' అని చెక్కిన అక్షరాలు. మైకు చేతికిచ్చేసరికి ఒళ్లు తెలియలేదు.

"నేను మూడో వరసలో కూర్చున్నాను" అన్నాడు తమ్ముడు. రబ్బరు ముక్కలు అరచేత్తో ఒక పక్కకి ఊడుస్తున్నాడు. "ఆరు చెంచాల కథ చెప్పావు. సొంత తమ్ముడని కూడా చూడలేదు, తప్పు తప్పేనన్నాను అని చెప్పావు. హాలంతా ఒకటే చప్పట్లు. నా పక్కాయన నన్ను పోల్చుకుని, 'ఆ తమ్ముడు మీరేనా' అని అడిగి మరీ కొట్టాడు. నేను కూడా కొట్టాను అన్నయ్యా. కొట్టకపోతే బాగుండదని."

"అది... ఊరికే సరదాకి..."

"మర్నాడొచ్చి ఏమడిగాను? ఆ రోజు ప్రూఫు సరిగ్గా చూడకుండా సంతకం పెట్టింది నేనే అని ఒక్క ముక్క రాసివ్వు, ఎవరికీ చూపించను, నా పెట్టెలో ఉంచుకుంటాను అన్నాను. నువ్వేమన్నావో గుర్తుందా?"

గుర్తుంది. గుర్తు లేకేం. 'ఇప్పుడెందుకురా అవన్నీ, ఉండనీ' అన్నాడు. అని, కాఫీ తాగి వెళ్లమన్నాడు.

సంగతి మీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. ఆ కరపత్రానికి రెండు ప్రూఫులు తీశారు. ఆ రోజు మాస్టారు తొందరలో ఉన్నాడు, కొత్తగా పెళ్లయినవాడు, భార్యను సాయంత్రం ఆటకు తీసుకెళ్తానని మాటిచ్చాడు. రెండింటి మీదా చదవకుండానే సంతకం గిలికేశాడు. గొడవయ్యాక ఒకదాని మీద 'ఆరు' దగ్గర ఎర్ర గీత గీసి యజమానికి చూపించాడు. రెండోది చింపబోయాడు గానీ చేతులు రాలేదు. ఎంతైనా ప్రూఫు. పెద్ద నిఘంటువులో దాచేశాడు. నాలుగు నెలల కిందట మొదటి ఉత్తరం వచ్చినప్పుడు వెతికితే అది లేదు. పాత కాగితాలు తూకానికి వేసినప్పుడు పోయిందనీ, ఎవడో అక్షరం ముక్క వచ్చినవాడి చేతిలో పడిందనీ అనుకున్నాడు.

"ఇంటి కోసం కదా తెల్లకాగితం మీద సంతకం?" అన్నాడు మాస్టారు, గొంతులో పస లేకుండా.

"నీ ఇల్లు నాకెందుకు? ఇందుకు." తమ్ముడు బల్ల కింద నుంచి చిన్న ఇనప పట్టీ తీసి వెలుతురుకు పెట్టాడు. అందులో అక్షరాలు పేర్చి ఉన్నాయి, అచ్చుకు సిద్ధంగా, ఎడమ కుడైన రాతలో. అలాంటి రాత చదవడం ఆ అన్నదమ్ములిద్దరికీ చిన్నప్పటి నుంచీ వచ్చు.

'అర ఉండవలసిన చోట ఆరు పడితే చూడకుండా సంతకం చేసినది నేనే. తప్పు మా తమ్ముడిది కాదు.'

మాస్టారు రెండుసార్లు చదివాడు. ఒక్క తప్పు లేదు.

కళ్లద్దాలు మసకబారాయి. అయినా మనిషి బుద్ధి చూడండి, ఆఖరి నిమిషం దాకా చేతికందిన కొమ్మ వదలదు. ఇన్‌స్పెక్టరమ్మ దగ్గర నేర్చుకున్న వాక్యం గుర్తొచ్చింది.

"అడగాల్సిన పద్ధతిలో అడగొచ్చు కదరా. ఇది నేరం, తెలుసా? ఒక మనిషిని బెదిరించి కాగితం మీద సంతకం పెట్టించుకుంటే..."

అక్కడ ఆగిపోయాడు.

"చెప్పన్నయ్యా" అన్నాడు తమ్ముడు మెల్లగా. "ఆగావేం?"

ఆ రోజుల్లో వాళ్లమ్మ మంచం పట్టి ఉంది. వంటింటి గుమ్మంలో నిలబడి, ఆవిడకు వినిపించకుండా, మాస్టారు తమ్ముడితో అన్న మాటలు ఇవీ: 'తప్పు నాదేనని నువ్వు రాసి సంతకం పెట్టు. పెట్టకపోతే నేను నా పెళ్లాన్ని తీసుకుని రేపే వేరే వెళ్లిపోతాను. అమ్మని నువ్వే చూసుకో, మందులు ఎక్కణ్ణుంచి తెస్తావో తెచ్చుకో.' తమ్ముడు అమ్మ మంచం వైపు ఒకసారి చూసి, గోడకానించి సంతకం పెట్టాడు. పెన్ను కూడా మాస్టారే ఇచ్చాడు. 'నాలుగు రోజులు ఉండనీరా, జనం మర్చిపోతారు' అని భుజం తట్టాడు.

నాలుగు రోజులు ముప్ఫై ఒక్క ఏళ్లయ్యాయి. అన్నేళ్లలో ఒక్కసారి, ఒక్క మనిషి దగ్గర, నిజం చెప్పి ఉంటే సరిపోయేది. అది ఇవాళ ఆయనకు తట్టింది. తట్టి ఏం లాభం? కొట్టు గోడకు చెయ్యి ఆనించి నిలబడ్డాడు.

"నేనేరా ముందు మొదలుపెట్టింది" అన్నాడు. ఆ మాట తప్ప ఇంకేం దొరకలేదు.

తమ్ముడు లేచి స్టూలు ఆయన వైపు జరిపాడు. కూర్చోబోతూ మాస్టారు ఉలిక్కిపడ్డాడు. గోడ మీది గడియారం నాలుగుకు పది నిమిషాలు తక్కువగా ఉంది.

"ఒరేయ్, నాలుగింటికి నువ్వక్కడికి పోవద్దు. నేను ఫిర్యాదిచ్చాను. పోలీసులు కాపు కాశారు. కవరు తీసిన చెయ్యి తీసినట్టు పట్టుకుంటారు!"

తమ్ముడు గబుక్కున గడియారం వైపు చూశాడు.

"నేనెప్పుడు వెళ్లానన్నయ్యా?"

"మరెవరు?"

"ఆ ప్రూఫు నాకెక్కణ్ణుంచొచ్చిందనుకున్నావు? నీ ఇంట్లో, నీ నిఘంటువులో, 'అర' అన్న మాట ఉన్న పేజీలో కదా దాచావు. నీ సన్మాన పత్రం మడత పడకుండా అందులో పెడదామని తెరిచిందట వదిన."

"మీ వదినా?" అన్నాడు మాస్టారు.

"తీసుకొచ్చి నా చేతిలో పెట్టి, అక్కడే ఆ గుమ్మంలో కూర్చుని ఏడ్చింది. ఇన్నేళ్లూ నిన్ను నేనూ ఆ పేరుతోనే తలుచుకున్నాను మరిదీ, అంది. ఉత్తరాలు నేను అచ్చొత్తాను. బీరువా వెనక నువ్వు పెట్టినవి తెచ్చేది తను. గొలుసు అడగమన్నది కూడా తనే. వద్దు వదినా అంటే వినలేదు. ఆయన నాతో చెప్పి తీసుకెళ్తారో, చెప్పకుండా తీసుకెళ్తారో చూస్తానంది."

ఖాళీ డబ్బీ చూపించి గొలుసేదని ఆవిడ అడిగిన పొద్దున మాస్టారికి గుర్తొచ్చింది. 'మెరుగు పెట్టించడానికిచ్చాను' అన్నాడు, పత్రికలోంచి తలెత్తకుండా. ఆవిడ ఇంకా ఏదో వింటానన్నట్టు కాసేపు అక్కడే నిలబడింది. తర్వాత డబ్బీ మూసి లోపలికెళ్లిపోయింది. ఆవిడకిష్టం లేకుండా, ఆవిడకు చెప్పకుండా ఆవిడ వస్తువు పట్టుకుపోవడం. ఇన్‌స్పెక్టరమ్మ దానికి చెప్పిన పేరు బెదిరింపు కాదు, దొంగతనం. రైటరు ఫిర్యాదులో కొట్టేసింది ఆ మాటే.

అరవై దాటిన మనిషి ఆ రెండు వీధులూ ఎలా పరుగెత్తాడో ఆయనకే తెలియదు. వెనక తమ్ముడు కొట్టు తలుపు కూడా వెయ్యకుండా వస్తున్నాడు.

గ్రంథాలయంలో పెద్ద బల్ల దగ్గర ఆవిడ కూర్చుని ఉంది. ఒళ్లో చేతిసంచి, బల్ల మీద కవరు. మామూలు బట్టల పోలీసులు చెరో పక్కా నిలబడ్డారు. చదువుకుంటున్నవాళ్లంతా చదవడం మానేసి చూస్తున్నారు. మాస్టారు వాకిట్లో కనబడగానే ఆవిడ తలెత్తింది. భయం లేదు, కోపం కూడా లేదు. గొలుసు గురించి అడిగిన రోజు చూసినట్టే చూసింది, ఏదో వింటానన్నట్టు.

"రండి మాస్టారూ, సమయానికొచ్చారు" అంది ఇన్‌స్పెక్టరమ్మ. "కవరు తీస్తుండగా పట్టుకున్నాం. ఏమడిగినా నోరు విప్పట్లేదు, పేరు కూడా చెప్పట్లేదు. ఈవిడ మీకు తెలుసా?"

తెలియదంటే ఒక తప్పు, తెలుసంటే ఒక ఘోరం. ఇంకో ముప్ఫై ఏళ్లు దాచుకోవడానికి ఆయన దగ్గర వయసు లేదు.

"మా ఆవిడండీ" అన్నాడు.

ఇన్‌స్పెక్టరమ్మ కనుబొమలు పైకి లేచాయి. ఆవిడనూ ఈయననూ, గుమ్మంలో ఆయాసపడుతున్న తమ్ముణ్ణీ మార్చి మార్చి చూసింది. ఆ ఉద్యోగంలో ఇలాంటివి చాలా చూసి ఉంటుంది. చంకలోని ఫైలు తెరిచి బల్ల మీద పెట్టింది.

"సరే. ఫిర్యాదులో 'గుర్తు తెలియని వ్యక్తి బెదిరించి తీసుకున్నాడు' అని ఉంది. ఇప్పుడు గుర్తు తెలిసింది కాబట్టి ఆ మాట మార్చాలి. ఆలోచించుకుని చెప్పండి. లేదూ, దిద్దడం మీ పనే కదా, మీరే దిద్దుతారా?"

మాస్టారు కుర్చీ లాక్కుని భార్య పక్కన కూర్చున్నాడు. జేబులోంచి ఎర్ర పెన్ను తీశాడు. 'గుర్తు తెలియని వ్యక్తి' మీద అడ్డంగా గీత గీశాడు. కింద చుక్కలు పెడతాడేమోనని తమ్ముడు గుమ్మంలోంచి మెడ చాచి చూశాడు. చుక్కలు పెట్టలేదు. గీత పైన, ముత్యాల్లాంటి అక్షరాలతో ఒక పేరు రాశాడు. ఆ పక్కనే తేదీ కూడా మార్చాడు. ముప్ఫై ఒక్క ఏళ్లు వెనక్కి.

ఇన్‌స్పెక్టరమ్మ ఫైలు తన వైపు తిప్పుకుని చదివింది. మళ్లీ చదివింది.

"మాస్టారూ" అంది, "ఇది మీ పేరు కదా!"